కాంటా గదిలో బాపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నన్ను కన్న మా అవ్వే ఊరంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. ఆ కోపమే లేకపోతే ఆ ఆదివారం నేను చర్చి ఆవరణలో కూలబడి ఏడ్చేదాన్నే తప్ప, అవతలి మిల్లు గేటు దాకా పరుగెత్తేదాన్ని కాదు.

నల్లకోటు వేసుకొని అప్పటికి ఏడాది కూడా నిండలేదు. కరీంనగర్ కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌ని. జూనియర్ అంటే ఏముంది, ఫైళ్లు మోయడం, వాయిదాలు అడగడం, జడ్జిగారు తలెత్తితే మా సారు దారిలో ఉన్నారని చెప్పడం. ఒక్కసారైనా నిలబడి గట్టిగా వాదించాలని ప్రాణం కొట్టుకునేది. ఆ మొదటి వాదన చొప్పదండిలో ఒక రైస్ మిల్లు ముంగిట, పండుగకని కట్టిన పట్టుచీరలో, చెప్పులు కూడా లేకుండా చేస్తానని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

ఆ రోజు మా చర్చిలో కోత పండుగ. మాకది క్రిస్మస్ కంటే ఏమాత్రం తక్కువ కాదు. వానాకాలం పంట ఇంటికి చేరాక ఎవరికి పండింది వాళ్లు తెస్తారు. వడ్లు, మక్కకంకులు, గుమ్మడికాయలు. భూమి లేని మాలాంటివాళ్లు కోడినో మేకపిల్లనో తెస్తారు. ఆరాధన అయ్యాక అన్నీ చెట్టు కింద పెట్టి హర్రాజు పాడతారు. ఇందులో మా వాళ్లకు ఒక పట్టింపు ఉంది. మొక్కుకొని తెచ్చినదాన్ని తెచ్చినవాళ్లు మళ్లీ ఇంటికి తీసుకుపోకూడదు. పాటలో అది ఇంకో ఇంటికి పోవాలి. అప్పుడే మొక్కు తీరినట్టు.

నేను లా పాసైతే పుంజును ఇస్తానని అవ్వ మొక్కింది. పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచింది. అది నాకంటే కోపిష్టిది. పాట ఇంకా మొదలు కాకముందే గంప కింది నుంచి తప్పించుకొని, పాస్టర్ అయ్యగారి కుర్చీ మీదికి ఎగిరి, అక్కడి నుంచి గోడెక్కి, గోడ అవతల ఉన్న రైస్ మిల్లులోకి దూకింది. పిల్లలందరూ ఒకటే కేకలు. అవ్వ నెత్తి కొట్టుకుంది. నాన్నను మేం బాపు అంటాం. బాపు మాత్రం ఏమీ కంగారు పడలేదు. ఖాళీ యూరియా సంచి ఒకటి చేతిలోకి తీసుకొని, ఇప్పుడే పట్టుకొస్తనని చెప్పి నెమ్మదిగా బయలుదేరాడు. మోకాళ్లు పోయాయి కాబట్టి ఆయన నడక ఎప్పుడూ నెమ్మదే.

ఆ మోకాళ్లు పోయింది ఆ మిల్లులోనే. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి బాపు అక్కడ హమాలీ. లారీల నుంచి బస్తాలు దించడం, తూకానికి కాంటా మీద పెట్టడం, లోపల ఒకదాని మీద ఒకటిగా నిట్టెలు పేర్చడం. నా బడి, నా కాలేజీ, నా లా చదువు, అన్నీ ఆ బస్తాల మీదే నడిచాయి. ఇక మొయ్యలేనని తేలాక మానేశాడు. చర్చి పక్క సందులో మిల్లుకు ఒక చిన్న గేటు ఉంది, హమాలీలు వచ్చిపోయే గేటు. బయటి నుంచి గేటు రెక్కల నడుమ వేళ్లు పెట్టి గడియ పైకి లేపితే తెరుచుకుంటుంది. ఆ కిటుకు హమాలీలందరికీ తెలుసు. బాపు ఆ రోజూ అలాగే వేళ్లు పెట్టి, గడియ లేపి, లోపలికి పోయాడు.

ఆయనకు తెలియనిది ఒకటే. ఆ మిల్లు ఇప్పుడు ఆ మిల్లు కాదు. మిల్లు యజమాని పెద్ద సేటు ఒంట్లో బాగాలేక హైదరాబాద్‌లో ఆస్పత్రి పాలయ్యాడు. పట్నంలో ఉండే అల్లుడు వచ్చి ఈ పంటకాలం నుంచి మిల్లు చూసుకుంటున్నాడు. వచ్చిన కొత్తలోనే వడ్ల బస్తాలు మాయమయ్యాయి. పాపం అతనికి ఎవరిని నమ్మాలో తెలియలేదు. పాత కాపలాదారును తీసేసి ఆసిఫాబాద్ దిక్కు నుంచి కొత్త మనిషిని తెచ్చుకున్నాడు. అనుమతి లేనిదే లోపలికి రాకూడదని పెద్ద బోర్డు పెట్టించాడు. కానీ ఆ బోర్డు ముందు గేటుకు ఉంది. ఆదివారం కాబట్టి బాపును గుర్తుపట్టే హమాలీ ఒక్కడు కూడా లోపల లేడు.

బయటి నుంచి గడియ తీసి, చేతిలో సంచితో, వంగి వంగి బస్తాల చాటున వెతుకుతున్న మనిషిని చూసి ఆ కొత్త కాపలాదారు ఏమనుకుంటాడు? నేనైనా అదే అనుకునేదాన్ని.

ఇవతల గుమ్మడికాయల పాట జోరుగా సాగుతోంది. నేను కూడా ఒక కాయకు పోటీగా పాడుతున్నాను. ఇంతలో నా పక్కనున్న అమ్మాయి ఫోన్ చూసుకొని నా మోచెయ్యి పట్టుకుంది. ఊళ్లో వ్యాపారస్తుల గ్రూపులో వచ్చిన వీడియో, అప్పుడే ఎవరో ఆమెకు పంపారు. తెల్లచొక్కా వేసుకొని, చేతిలో సంచితో, గోడకు ఆనుకొని కూర్చున్న ముసలాయన. మా బాపు. కింద రాసి ఉంది, వడ్ల దొంగ దొరికిండు, అందరూ జాగ్రత్త అని.

నా ఒళ్లంతా సలసల కాగింది. చుట్టూ ఫోన్లు ఒకటొకటిగా మోగుతూనే ఉన్నాయి. చూసినవాళ్లు చూసి తల దించుకుంటున్నారు. మా బాపు ఏనాడూ ఎవరింటి గుమ్మం ముందూ చెయ్యి చాచినవాడు కాదు. మిల్లులో రాలిన గింజలు ఊడ్చి ఇంటికి తీసుకుపోవడం హమాలీలకు మామూలే, ఆయన అది కూడా తెచ్చేవాడు కాదు. ఆ మనిషి ముఖం మీద ఊరు ఊరంతా దొంగ అని చదువుతోంది.

అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లొల్లి పెట్టకు బిడ్డా. కాళ్లు మొక్కి తోల్కరా."

నేను కాళ్లు మొక్కనని చెప్పి, చెప్పుల కోసం కూడా ఆగకుండా ముందు గేటు దాకా పరుగెత్తాను. కాపలాదారు అడ్డం నిలబడ్డాడు. మరాఠీ కలిసిన అతని తెలుగులో, ముసలాయనను కాంటా గదిలో పెట్టి గొలుసు వేశామని, సాబ్ చెప్తేనే వదులుతానని అన్నాడు. నేను లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయాను. బోర్డు నా కళ్ల ముందే ఉంది. ఒకే రోజు తండ్రీ కూతుళ్లిద్దరూ దొరికిపోతే బాగుండదు. గేటు ఇవతలే నిలబడి, మీ సాబ్‌ను పిలువు, వకీలు వచ్చిందని చెప్పు అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వస్తుంటే నాకే ఒళ్లు జల్లుమంది. అంతకు ముందు ఎవరితోనూ అలా అనలేదు.

అల్లుడు వచ్చాడు. నా ఈడువాడే, మహా అయితే రెండు మూడేళ్లు పెద్ద. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేనట్టుంది. నేను ఆ కాంటా గదిలో ఉన్నాయన కూతుర్నని చెప్పగానే చేతులు కట్టుకున్నాడు.

"నాక్కూడా రూల్స్ తెలుసు మేడమ్. దొంగను ఎవరైనా పట్టుకోవచ్చు. ఆరు గంటల్ల పోలీసులకు అప్పగించాలె. ఫోన్ చేసిన, వస్తున్నరు."

నిజం చెప్పొద్దూ, నా గుండె సంతోషంతో ఎగిరింది. ఎందుకంటే అతను చెప్పింది సగమే నిజం, మిగతా సగం నాకు తెలుసు. పరీక్షకు ముందు నోటికి వచ్చేదాకా చదివిన సెక్షన్ అది. ఫోన్‌లో ఎవరో చెప్పిన ముక్క విని అతను ఒక మనిషిని గదిలో పెట్టి గొలుసు వేశాడు. నేను మొదలుపెట్టాను.

మామూలు మనిషికి కూడా అరెస్టు చేసే హక్కు ఉన్నమాట నిజమే అన్నాను. పాత చట్టంలోనూ ఉంది, కొత్త చట్టంలో నలభయ్యో సెక్షన్‌లోనూ ఉంది. ఆరు గంటల గడువు కొత్తగా పెట్టారు, అదీ నిజమే. కానీ ఆ హక్కు ప్రతి నేరానికీ రాదు. నేరం మన కళ్ల ముందే జరగాలి. అది పోలీసులు వారెంట్ లేకుండా పట్టుకోదగ్గ నేరం కావాలి. అంతటితో అయిపోలేదు, బెయిలు హక్కుగా దొరకని నేరం కూడా కావాలి. ఇంకొకరి జాగాలోకి చొరబడటం మొదటి రకమే, పోలీసులు పట్టుకోవచ్చు. కానీ దానికి బెయిలు హక్కుగా దొరుకుతుంది. కాబట్టి చొరబడ్డాడన్న ఒక్క కారణంతో మీరు ఎవరినీ బంధించలేరు. అది పోలీసుల పని.

అతను ఊరుకోలేదు. చొరబడటమే కాదు, దొంగతనానికి వచ్చాడు అన్నాడు. ఏం దొంగిలించాడో చూపించమన్నాను. సంచి చూపించాడు. అది యూరియా సంచి, మీ మిల్లులో గోనె సంచులు తప్ప యూరియా సంచులు ఎందుకు ఉంటాయన్నాను. గడియ తీసుకొని వచ్చాడు కదా అన్నాడు. వచ్చాడు, పుంజు కోసం వచ్చాడు, నేరం చెయ్యాలనో మిమ్మల్ని సతాయించాలనో ఉద్దేశం లేకపోతే లోపలికి రావడం ఒక్కటే నేరం కూడా కాదు అన్నాను. అతని గొంతు పెరిగింది. నాది ఎలాగూ పెద్దదే.

మరి ఎవరు పడితే వాళ్లు లోపలికి వస్తే దండలు వేసి కూర్చోబెట్టాలా అని అడిగాడు. మంచి ప్రశ్నే. బయటికి పొమ్మనండి అన్నాను. పోకపోతే, అవసరమైనంత వరకు బలం వాడి బయటికి పంపండి, పోలీసులను పిలవండి, ఫిర్యాదు రాయండి. బయటికి పంపే హక్కు మీది. లోపల పెట్టి గొలుసు వేసే హక్కు మీది కాదు. ఇప్పుడు ఆ గదిలో జరుగుతున్నది మా బాపు నేరం కాదు, అక్రమ నిర్బంధం, మీ మీద పెట్టగలిగిన కేసు.

అతని ముఖం తెల్లబోయింది. నా లోపల ఒకటే ఉత్సాహం. గెలుస్తున్నాను! జడ్జి లేడు, బల్ల లేదు, అయినా గెలుస్తున్నాను. సరిగ్గా అప్పుడే ఊక కుప్ప వెనక నుంచి మా పుంజు బయటికి వచ్చి, మెడ నిక్కించి, ఒక కూత కూసింది. కాపలాదారు దాని వైపు, నా వైపు చూసి, పోయి దాన్ని పట్టుకున్నాడు. గోడ మీదుగా అవతలివాళ్లకు అందించాడు. కాసేపటికి అటు నుంచి పెద్దగా చప్పట్లు వినిపించాయి. పాట ముగిసింది, అవ్వ మొక్కు తీరింది.

హెడ్ కానిస్టేబుల్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. మా ఊరి పాత ముస్లిం కుటుంబాల మనిషి, జుట్టంతా నెరిసింది. నా వాదన మళ్లీ మొదటి నుంచి విన్నాడు. అల్లుడి మాటా విన్నాడు. చివరికి అతన్ని కాస్త పక్కకు తీసుకుపోయి, అయినా మాకు వినపడేలాగే చెప్పాడు.

"గొలుసు మీరే తియ్యిన్రి సాబ్. నేను తీస్తే రాసుడు పడ్తది, ఇద్దరు పరేషాన్ అయితరు."

అందరం కాంటా గది దగ్గరికి నడిచాం. అల్లుడే గొలుసు తీసి తలుపు నెట్టాడు. బాపు లోపల కాంటా పక్కన నేల మీద కూర్చున్నాడు. తెల్లచొక్కా మీద దుమ్ము. పా బాపూ, అయిపోయింది, ఇంటికి పోదాం అన్నాను. నా గొంతులో ఇంకా గెలుపు మోగుతోంది.

"నేను రాను."

ముందు నాకు అర్థం కాలేదు. మోకాళ్లు పట్టుకున్నాయేమో అనుకొని చెయ్యి ఇచ్చాను. ఆయన ఆ చెయ్యి పట్టుకోలేదు.

"ఫోన్ల దొంగ అని పెట్టిన్రు. ఊరంత చూసింది. నేను ఊకె ఎట్ల వస్త బిడ్డా?"

పొమ్మంటున్నాను కదా పెద్దాయనా, పో, అని అల్లుడు బతిమాలుతున్నట్టే అన్నాడు. బాపు కదల్లేదు. గోడకు వీపు ఇంకా గట్టిగా ఆనించాడు. జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. సేటు కోప్పడితే తల వంచుకొని నిలబడేవాడు. ఆ మనిషేనా ఈయన?

అప్పుడు తట్టింది నాకు. ఇంతసేపు బాపు చేసింది నేరం కాదని వాదించాను. ఈ క్షణం నుంచి అది నేరమయ్యేలా ఉంది. లోపలికి తప్పు లేకుండా వచ్చినవాడైనా, జాగా యజమాని పొమ్మన్నాక పోకుండా, అతన్ని సతాయించడానికే కూర్చుంటే చట్టం దాన్ని చొరబాటుగానే చూస్తుంది. గొలుసు ఉన్నంతసేపు బాపు నిర్దోషి. గొలుసు తీశాక ఆయనే కేసు కొనితెచ్చుకుంటున్నాడు. హెడ్ కానిస్టేబుల్ నా వైపు చూశాడు. ఆయనకూ తెలుసు.

అల్లుడు నా వైపే తిరిగాడు. ఇప్పుడు మీ చట్టం ఏమంటుంది మేడమ్ అని అడిగాడు.

ఏమీ అనదని చెప్పొచ్చు. అతనికి తెలియదు, నమ్మేవాడు. కానీ చట్టం చట్టం అని అంతసేపు అరిచిన నోటితో, ఆ నల్లకోటు కోసం మోకాళ్లు అరగదీసుకున్న మనిషి ముందు అబద్ధం ఎలా చెప్పను? ఇప్పుడు మీరు ఫిర్యాదు ఇవ్వొచ్చు అని చెప్పాను. ఆయనను ఇక్కడి నుంచి లేపమని పోలీసులను అడగొచ్చు. కోర్టులో నిలుస్తుందా లేదా అన్నది తర్వాతి సంగతి, ఇవ్వడం మాత్రం ఇవ్వొచ్చు. చెబుతుంటే నాకు ఏడుపు వచ్చింది. గెలిచిన కేసును నా చేతులతో నేనే ఒప్పజెప్పాను.

ఆ తర్వాత అల్లుడు చేసిన పనికి నేను అతన్ని ఇప్పటికీ తిట్టలేను. గడప మీద, బాపుకు ఎదురుగా కూర్చున్నాడు. నీకేం కావాలి అని అడిగాడు. ఏ ఫోన్‌లో పెట్టావో ఆ ఫోన్‌లోనే చెప్పమన్నాడు బాపు. అల్లుడు ఫోన్ తీసి, తన ముఖం, బాపు ముఖం ఇద్దరిదీ కనిపించేలా పట్టుకొని, ఈయన దొంగ కాదు, పొరపాటు మాది, మాఫ్ చేయాలి అని చెప్పాడు. అక్కడికక్కడే గ్రూపులో పెట్టి, బాపుకు చూపించాడు.

బాపు చూశాడు. అయినా లేవలేదు. నాకు ఓపిక పోయింది, ఇంకేం కావాలి బాపూ అన్నాను.

"దొంగ కాదన్నడు, మంచిగనే ఉంది. మరి ఎవలని చెప్పలే."

అల్లుడు అయోమయంగా చూశాడు. అతనికి నిజంగానే తెలియదు. మా వాదనంతటిలో అతను కూతురెవరో తెలుసుకున్నాడు గానీ, తండ్రి ఎవరో అడగలేదు. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, నేను కూడా చెప్పలేదు. సెక్షన్లన్నీ చెప్పాను, ఆ ఒక్క మాట తప్ప. బాపు కాంటా మీద చెయ్యి వేసి, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

"గీ కాంటా మీద పెట్టిన బస్తాలు మోసింది నేనే. మీ పెండ్లికి వండిన బియ్యం గూడ గిక్కడివే. గా గేటు నాకు ఎన్నడు బందు లేకుండె సేటూ. ఇయ్యాల బందైందని నాకు తెల్వది."

హెడ్ కానిస్టేబుల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బాపు కోరింది శిక్ష కాదు, క్షమాపణ కూడా కాదు. నేను ఇంతసేపటి నుంచి ఆయన లోపలికి రావడం నేరం కాదని వాదిస్తున్నాను. ఆయన బాధ అది కాదు. తనను అక్కడ పరాయివాణ్ణి చేశారన్నదే ఆయన బాధ. దానికి నా దగ్గర సెక్షన్ లేదు. నాకు నా మీదే కోపం వచ్చింది, ఆయన మీద పట్టలేనంత ప్రేమ వచ్చింది.

అల్లుడు మళ్లీ ఫోన్ ఎత్తాడు. ఈయన మా మిల్లు మనిషి, మా మామ కాలం నుంచి మా మిల్లు హమాలీ, నాకు తెలియక తప్పు చేసిన, అని చెప్పాడు. చెప్పి ఫోన్ పక్కన పెట్టి, రెండు చేతులూ చాచాడు. బాపు ఆ చేతులు పట్టుకొని లేచాడు. మోకాళ్లు టకటకమన్నాయి. లేచాక కూడా ఆ చేతులు వదల్లేదు.

"మల్ల వస్తే పట్టుకుంటవా?"

"ఎప్పుడన్న రా కాకా. గా చిన్న గేటు నుంచే రా."

బాపు తలూపాడు. నేను ఆయన భుజం మీద దుమ్ము దులిపి, చెయ్యి పట్టుకొని నడిపించాను. సందు గేటు దాటి బయటికి వచ్చాం. అవతల చర్చి ఆవరణలో జనమంతా గోడ మీదికి ఎక్కి మా కోసం చూస్తున్నారు. అవ్వ పరుగున వస్తోంది. ఆమె అందుకునేలోపే బాపు ఆగి, నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"రా అన్నడు గద. గా మాట కోర్టుల చెల్లుతదా బిడ్డా?"

"చెల్లుతది బాపూ," అన్నాను.